షెల్టర్‌లోకి దిగడం ఒక ఎత్తు, క్షేమంగా బయటికి రావడం ఇంకో ఎత్తు

ప్రశ్న: ఓక్లహోమా రాష్ట్రంలోని మూర్‌లో ఈ మధ్యే పాత ఇల్లు కొన్నాం. టోర్నడో వస్తే దాక్కోవడానికి గరాజ్ నేలలో పాత యజమానులు పెట్టించిన ఇనుప షెల్టర్ ఉంది. దానికి జరిపి తీసే మూత. అడుగున రెండంగుళాల నీళ్లు నిలిచి ఉన్నాయి, ఒక మూల తుప్పు పట్టింది. మాకు ఇద్దరు పిల్లలు. ఏప్రిల్‌లో అత్తగారు, మామగారు వచ్చి నాలుగు నెలలు ఉంటారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, నిలువు మెట్లు దిగలేరు. ఈ షెల్టర్‌ని నమ్ముకోవచ్చా, నేలపైన బోల్టులతో బిగించే సేఫ్ రూమ్ (టోర్నడోని తట్టుకునే గట్టి గది) కొనాలా? ఇల్లు మా మీద కూలితే మేం లోపల ఉన్నామని ఎవరికి ఎలా తెలుస్తుంది? పక్కింటివాళ్లు చిక్కుకుంటే మేం ఏం చేయగలం?
– ఒక పాఠకురాలు

సమాధానం: నీళ్ల సంగతి తేలేదాకా ఆ షెల్టర్‌ని నమ్ముకోకండి. అది బాగుపడినా మీ అత్తగారి కోసం నేలపైన సేఫ్ రూమ్ కావాల్సిందే. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే, పాతదాని మరమ్మతు కన్నా కొత్త సేఫ్ రూమ్‌కే పెట్టండి. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా కదిలే మనిషి రెండు నిమిషాల్లో చేరలేని చోటు మీ కుటుంబానికి షెల్టర్ కాదు.

ముందు నీళ్లు. మొత్తం తోడేసి, గుడ్డతో తుడిచి, ఒక రోజంతా ఫ్యాన్ పెట్టి ఆరబెట్టండి. గోడల మీద సుద్దముక్కతో అంగుళం అంగుళానికీ గీతలు గీయండి. గట్టి వాన పడ్డాక మరుసటి రోజు చూడండి. నీళ్లు మూత అంచు నుంచి చారలుగా కిందికి దిగితే అది గరాజ్ కడిగిన నీళ్లో, కారు మోసుకొచ్చిన వాననీళ్లో. మూత చుట్టూ ఉన్న గట్టు, రబ్బరు సీలు బాగుచేస్తే సరిపోతుంది. పైన పొడిగా ఉండి కింది అతుకు దగ్గర తడి, తుప్పు చార కనిపిస్తే మాత్రం అది భూమిలోంచి వస్తున్న ఊట. దాన్ని లోపలి నుంచి సీలెంట్ పూసి ఆపడం కుదరదు. బయటి నీటి ఒత్తిడి ఆ పూతను గోడ నుంచి లోపలికి తోసేస్తుంది, రెండు వానలకు ఊడొస్తుంది. వెల్డింగ్ అతుకు తుప్పు తిన్నచోట ఇనుము ఎంత మందం మిగిలిందో షెల్టర్లు బిగించే మనిషి చేత కొలిపించాలి. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గుచ్చినప్పుడు పెచ్చు రాలి గుంట పడితే ఇక ఆలోచించక్కర్లేదు, ఆ షెల్టర్ పని అయిపోయినట్టే.

ఊటతో ఇంకో ప్రమాదం ఉంది. భూమిలో పాతిన ఖాళీ పెట్టె చుట్టూ నీళ్లు నిలిస్తే దాన్ని పైకి తేల్చేస్తాయి. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 5 అడుగుల లోతున్న పెట్టె 105 ఘనపుటడుగుల నీటిని పక్కకు నెడుతుంది. ఘనపుటడుగు నీటి బరువు 62.4 పౌండ్లు కాబట్టి, చుట్టూ పూర్తిగా నీళ్లు నిండితే పైకి తోసే బలం 6,500 పౌండ్లు దాటుతుంది. పెట్టె బరువు అందులో చిన్న వంతే. దాన్ని కిందికి పట్టి ఉంచేది చుట్టూ పోసిన కాంక్రీటు. అందుకే షెల్టర్ అంచుకీ గరాజ్ నేలకీ మధ్య కాంక్రీటులో కొత్త పగులు వచ్చిందా, మూత నేలమట్టం కన్నా ఒక పక్క లేచిందా అని చూసుకోండి.

నీళ్ల విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. టోర్నడో తెచ్చే మేఘాలే కుండపోత వాన కూడా తెస్తాయి. 2013 మే 31న ఎల్ రీనో అనే ఊరి దగ్గర టోర్నడో లేచిన తుఫాను రాత్రి ఓక్లహోమా సిటీలో మురుగునీటి తూముల్లో తలదాచుకున్న కుటుంబాలు వరదలో కొట్టుకుపోయాయి. 2015 మేలో అదే నగరంలో ఒకావిడ భూగర్భ షెల్టర్‌లోనే నీట మునిగి చనిపోయారు. మీ ఇల్లు వరద ముంపు పటంలో ఉంటే నేలలో షెల్టర్ వద్దే వద్దు.

ఇక మూత. జరిపే మూతకు రెండు పక్కలా పట్టాలుంటాయి. అందులో ఒక్క గులకరాయి పడినా మూత సగంలో బిగుసుకుపోతుంది. నెలకోసారి పట్టాలను బ్రష్‌తో, వాక్యూమ్‌తో శుభ్రం చేయండి. గ్రీజు పూయకండి, అది గరాజ్‌లోని ఇసుకనంతా పట్టి ముద్ద చేస్తుంది. పొడిగా ఉండే సిలికాన్ స్ప్రే వాడండి. కారు రోజూ ఎక్కడ ఆపుతారో అక్కడే ఆపి మూత తీసి చూడండి. చాలా ఇళ్లలో ఖాళీ గరాజ్‌లో హాయిగా జరిగే మూత, కారు ఉన్నప్పుడు టైరుకో, బంపరు కింది ప్లాస్టిక్‌కో తగిలి ఆగిపోతుంది. టైరు ఎక్కడ ఆగాలో నేల మీద పెయింటుతో గీత గీసేయండి.

ఒక సంగతి ఎవరూ చెప్పరు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పల్లంలోకి దిగుతుంది. కారు ట్యాంకు కారినా, గరాజ్‌లో గడ్డి కోసే యంత్రం పెట్రోలు డబ్బా ఒలికినా ఆ ఆవిరి చేరేది మీరు కూర్చున్న గుంటలోకే. పెట్రోలు డబ్బాలు గరాజ్‌లోంచి తీసేయండి. షెల్టర్‌లో కొవ్వొత్తి, అగ్గిపెట్టె, లైటర్ ఉండకూడదు. కారు ఇంజిన్ ఆపకుండా దిగడం అసలు కూడదు.

కొత్తది కొనేటప్పుడు అమ్మేవాళ్లు 'ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) ఆమోదించింది' అంటే నమ్మకండి. ఫెమా ఏ కంపెనీ షెల్టర్‌కీ ఆమోదముద్ర వేయదు. అది ప్రమాణాలూ నమూనాలూ మాత్రమే ప్రచురిస్తుంది. మీరు అడగాల్సింది షెల్టర్లు ఎంత గట్టిగా ఉండాలో చెప్పే ఐసీసీ 500 ప్రమాణం ప్రకారం జరిగిన పరీక్ష నివేదిక. ఈ ప్రాంతానికి ఆ ప్రమాణం గంటకు 250 మైళ్ల గాలిని లెక్కలోకి తీసుకుంటుంది. దాని ప్రకారం 15 పౌండ్ల టూ-బై-ఫోర్ చెక్కను (ఇళ్ల కట్టడంలో వాడే పొడుగాటి చెక్కను) నిలువు గోడ మీదికి, తలుపు మీదికి గంటకు 100 మైళ్ల వేగంతో, పైకప్పు మీదికి 67 మైళ్ల వేగంతో పేలుస్తారు. టెక్సస్‌లోని లబక్‌లో, టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో ఈ పరీక్షలు చేస్తారు. 1970 మే 11న లబక్‌ని టోర్నడో కొట్టి 26 మందిని బలితీసుకున్నాక అక్కడ మొదలైన పరిశోధనే ఇంతదూరం వచ్చింది. 'ఈఎఫ్-5ని (టోర్నడోల్లో అన్నిటికన్నా తీవ్రమైన స్థాయిని) తట్టుకుంటుంది' అనే బోర్డు చాలదు, కాగితం చూపించమనండి.

ఆ కాగితంలో తలుపు గురించి ప్రత్యేకంగా చదవండి. గోడలు దాదాపు అందరూ గట్టిగానే కడతారు, తేడా వచ్చేది తలుపు దగ్గరే. 2014 ఏప్రిల్ 27న ఆర్కన్సా రాష్ట్రం విలోనియాలో ఒక సేఫ్ రూమ్ తలుపు ఎగిరొచ్చిన శిథిలాల దెబ్బకు ఆగలేదు, లోపలున్న మనిషి ప్రాణం పోయింది. తలుపు రేకు, చట్రం, మూడు కీళ్లు, మూడు గడియలు అన్నీ కలిపి ఒకే సెట్టుగా పరీక్షలో నెగ్గి ఉండాలి. మంచి తలుపు కొని దానికి బజారు గడియ బిగిస్తే ఆ పరీక్షకు విలువ లేదు. ఇంటి బయటి ద్వారానికి వేసే మామూలు ఇనుప తలుపు పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ దాని రేకు పల్చన, చెక్క దెబ్బ ఒక్కటి చాలు వంగిపోవడానికి. వీలైతే లోపలికి తెరుచుకునే తలుపు తీసుకోండి. బయట శిథిలాలు పేరుకున్నా అది తెరుచుకుంటుంది.

నేలపైన ఉండే గది భూమిలోదానంత భద్రం కాదేమో అనే అనుమానం చాలామందికి ఉంటుంది. 2013 మే 20న మీ ఊరినే కొట్టిన ఈఎఫ్-5 టోర్నడోలో 24 మంది చనిపోయారు. ఆ దారిలో సరిగా కట్టిన, సరిగా బిగించిన సేఫ్ రూములు చుట్టూ ఇళ్లు లేచిపోయినా నిలబడ్డాయి. నిలవడమనేది బోల్టుల పని. గరాజ్ కాంక్రీటు మందం ఎంతో ముందు తెలియాలి. కంపెనీ ఎంత మందం మీద పరీక్ష చేయించిందో అంతకు తగ్గకూడదు, సాధారణంగా 4 అంగుళాలు అడుగుతారు. పగులుకు పక్కనే, కాంక్రీటు అంచుకు దగ్గరగా రంధ్రం వేస్తే బోల్టు కాంక్రీటు ముక్కతో సహా ఊడొస్తుంది. రంధ్రం వేశాక లోపలి పొడిని బ్రష్‌తో రాచి, గాలి ఊది, మళ్లీ రాచి, మళ్లీ ఊదాలి. ముఖ్యంగా ఎపాక్సీ జిగురు పోసి బిగించే రకానికి ఆ పొడే శత్రువు. జిగురు కాంక్రీటును కాకుండా పొడిని పట్టుకుంటుంది, బోల్టు చేత్తో లాగితే వచ్చేలా ఉంటుంది. పనివాళ్లు హడావిడిలో వదిలేసేది సరిగ్గా ఇదే, దగ్గరుండి చూసుకోండి. బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు వచ్చిందో చూపే రెంచ్‌తో) బిగించారా అని కూడా అడగండి.

ఇంకో హెచ్చరిక. మీ నేల పోస్ట్-టెన్షన్ కాంక్రీటు అయితే, అంటే లోపల ఉక్కు తీగలు లాగి బిగించిన రకమైతే, ఎక్కడ పడితే అక్కడ డ్రిల్ చేయకూడదు. ఒక్కో తీగలో సుమారు 33,000 పౌండ్ల బిగువు ఉంటుంది. తెగితే నేల పగిలి మనిషి ప్రాణం తీయగలదు. సాధారణంగా గరాజ్ నేల మీదో గోడ మీదో 'కోయవద్దు, డ్రిల్ చేయవద్దు' అని ముద్ర వేసి ఉంటుంది. అది ఉంటే రాడార్ యంత్రంతో స్కాన్ చేయించి తీగలు గుర్తించాకే రంధ్రాలు వేయాలి.

వైశాల్యం: ఇళ్లలోని టోర్నడో షెల్టర్లకు మనిషికి కనీసం 3 చదరపుటడుగులు అని లెక్క. కనీసం అంటే మోకాళ్లు మోకాళ్లకు తగిలేంత. మీరు ఆరుగురు, పైగా అత్తగారు కుర్చీలో కూర్చోవాలి కాబట్టి 4 అడుగులకు 8 అడుగుల గది తీసుకోండి. గడప ఎత్తు అంగుళం కన్నా ఎక్కువైతే చిన్న వాలు పలక పెట్టించండి.

ఓక్లహోమాలో సూనర్‌సేఫ్ అనే రాష్ట్ర పథకం ఉంది. నిధులున్న విడతల్లో ఖర్చులో కొంత భాగం తిరిగిస్తుంది. దరఖాస్తుల్లోంచి లాటరీ తరహాలో ఎంపిక చేస్తారు. మీ పేరు ఎంపికై, అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టాలి. ముందే పెట్టించేసుకుంటే డబ్బు రాదు. అలాగని ఏప్రిల్, మే నెలలు లాటరీ కోసం ఎదురుచూస్తూ గడపకండి. పేరు రాకపోతే మీ డబ్బుతోనే పెట్టించుకోండి.

సేఫ్ రూమ్ వచ్చేలోపు హెచ్చరిక వస్తే: కింది అంతస్తులో కిటికీ లేని చిన్న గది, అంటే లోపలి బాత్‌రూమ్ లేదా బట్టల అర. మీకూ బయటి గాలికీ మధ్య ఎన్ని గోడలుంటే అంత మంచిది. పిల్లలకు సైకిల్ హెల్మెట్, పెద్దవాళ్లకు ఇంట్లో ఏ హెల్మెట్ ఉంటే అది, పైన పరుపు. కిటికీలు తెరిచిపెట్టాలనే పాత మాట తప్పు, ఆ నిమిషం మీకు పనికొచ్చే నిమిషం. కారెక్కి పారిపోవద్దు, వంతెన కింద ఆగవద్దు. 1999 మే 3న ఇదే ప్రాంతంలో మూడు వంతెనల దగ్గర ముగ్గురు చనిపోయారు. వంతెన కింద గాలి ఇరుకై ఇంకా జోరుగా దూసుకొస్తుంది.

పగలు మీరిద్దరూ ఉద్యోగాల్లో, పిల్లలు బడిలో ఉంటే ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉంటారు. అప్పుడు ఏం జరుగుతుందో ఒక్కసారి ఆలోచించండి. సెల్‌ఫోన్‌కి వచ్చే ప్రభుత్వ హెచ్చరిక ఇంగ్లిష్‌లోనో స్పానిష్‌లోనో ఉంటుంది. సైరన్ బయట ఉన్నవాళ్లకోసం పెట్టింది, టీవీ మోగుతుంటే ఇంట్లోకి వినిపించకపోవచ్చు. వెదర్ రేడియో (వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో) ఒకటి కొని మీ క్లీవ్‌లండ్ కౌంటీ కోడ్ 040027 పెట్టండి. అప్పుడు మీ కౌంటీకి హెచ్చరిక వస్తేనే అది కూస్తుంది, అర్ధరాత్రి కూడా. అత్తగారికి, మామగారికి రెండే మాటలు నేర్పండి: 'వాచ్' అంటే వచ్చే అవకాశం ఉంది, చెప్పులు తీసి బూట్లు వేసుకోవాలి, 'వార్నింగ్' అంటే వచ్చేస్తోంది, ఆ క్షణమే గదిలోకి వెళ్లాలి. 2013లో మూర్ టోర్నడో నేలను తాకడానికి 16 నిమిషాల ముందు హెచ్చరిక వచ్చింది, అంత సమయం ప్రతిసారీ దొరకదు. వాళ్లిద్దరి చేత, మీ సాయం లేకుండా, తలుపు వేసి మూడు గడియలూ పెట్టించి చూడండి. అత్తగారి చేతి బలానికి గడియ తిరగకపోతే ఆ సంగతి వాళ్లు వచ్చిన మొదటి రోజే తెలియాలి. అత్యవసరమైతే 911కి ఫోన్ చేసి 'తెలుగు' అని ఒక్క మాట చెప్పడం కూడా నేర్పండి. చాలా కేంద్రాల్లో ఫోన్‌లోనే దుబాసీని కలిపే ఏర్పాటు ఉంటుంది.

గదిలో పెట్టాల్సినవి నేరుగా చెబుతాను. మొదటిది అందరికీ మందపాటి అడుగున్న బూట్లు. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి వచ్చినవాళ్లు బయటికి అడుగుపెట్టేది గాజుపెంకులు, మేకుల మీదే. తర్వాత తలకు కట్టుకునే లైటు మనిషికొకటి, మెడలో ఈల మనిషికొకటి, ఎన్-95 మాస్కులు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా, కళ్లజోడు, పాస్‌పోర్టుల నకళ్లు, మూతున్న బకెట్. రక్తం ఆపడానికి రెండు టూర్నికెట్లు (చేతికో కాలికో చుట్టి బిగించేవి), ఒత్తి కట్టే పట్టీలు. ఇవన్నీ గోడకు కట్టిన సంచిలో, కిందివైపు ఉండాలి. భుజమెత్తు బల్ల మీద పెట్టిన నీళ్ల క్యాన్ కుదుపుకి తల మీదే పడుతుంది.

బయటపడే సామాను దీనికి వేరు. పాత షెల్టర్ బాగుచేయించుకుని వాడితే, మూతను పక్కకు లాగే చేతి వించి (చేత్తో తిప్పి బరువు లాగే సాధనం), చైను లోపలే ఉండాలి. దాన్ని తగిలించే కొక్కెం గోడకు వెల్డింగ్ చేసి ఉండాలి. పైకి తెరుచుకునే మూత అయితే రెండు టన్నుల బాటిల్ జాకీ (సీసాలా నిలువుగా ఉండే జాకీ), దానికీ మూతకూ మధ్య నిలబెట్టే ఫోర్-బై-ఫోర్ దుంగ. దుంగను ముందే సరైన పొడవుకు కోసి ఉంచండి. తలుపు ఉన్న గదికి మూడడుగుల క్రోబార్, చేతి రంపం. ఆదివారం పూట ఒకసారి మూత మీద నాలుగు ఇసుక బస్తాలు పెట్టి, లోపలున్న మనిషి ఈ సామానుతోనే తీయగలడా అని చూడండి.

మీరు లోపల ఉన్నారని ఎవరికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు వస్తాను. పెద్ద టోర్నడో పోయాక వీధి పేరు బోర్డుండదు, ఇంటి నంబరుండదు, ఏ ఇల్లు ఎక్కడుందో ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్లే చెప్పలేరు. రక్షణ బృందాలు జీపీఎస్ అంకెల మీదే నడుస్తాయి. అందుకే షెల్టర్‌ని నగరం దగ్గర నమోదు చేయించాలి. మూర్‌లో ఆ ఏర్పాటు ఉంది. పాత యజమాని చేయించే ఉంటారని అనుకోకండి, మీ పేరు, మీ ఫోన్ నంబరుతో మళ్లీ చేయించండి. చిరునామా ఒక్కటే కాక 'గరాజ్‌లో ఈశాన్య మూల, నేలలో' అన్నంత స్పష్టంగా రాయండి, అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో చూసి ఇవ్వండి. కొత్త సేఫ్ రూమ్ పెట్టగానే అదీ చేర్చండి. మూత మీద, తలుపు బయట ఇంటి నంబరు పెద్ద అంకెల్లో పెయింటు వేయండి.

రెండోది ఫోన్. ఇనుప పెట్టెలో, అందులోనూ భూమిలో, సిగ్నల్ రాకపోవడమే మామూలు. తలుపు వేసి లోపల నిలబడి ఫోన్, రేడియో రెండూ పనిచేస్తున్నాయా అని ఒకసారి పరీక్షించండి. రేడియో రాకపోతే గాలి గొట్టంలోంచి యాంటెన్నా తీగ పైకి పంపాలి. ఫోన్ రాకపోతే తలుపు వేయకముందే మెసేజ్ వెళ్లాలి: వేరే రాష్ట్రంలో ఉండే ఒక బంధువుకి, 'మూర్ ఇంట్లో, గరాజ్ షెల్టర్‌లో, ఆరుగురం, 3:05' అని. అరగంటలో మీ నుంచి కబురు లేకపోతే ఆ మనిషి ఏ నంబరుకు ఫోన్ చేయాలో ముందే రాసి ఇవ్వండి. వేరే రాష్ట్రంలోంచి 911 కొడితే వాళ్ల ఊరి కేంద్రానికే పోతుంది. కాబట్టి మూర్ పోలీసు, క్లీవ్‌లండ్ కౌంటీ అత్యవసర విభాగాల పది అంకెల నంబర్లు వాళ్ల దగ్గర ఉండాలి. లైను కలవనప్పుడు కూడా మెసేజ్ చాలాసార్లు వెళ్తుంది.

లోపల చిక్కుకుంటే అరవకండి. ఇన్సులేషన్ దుమ్ము గొంతులోకి పోతుంది, బలం తగ్గుతుంది. మూడు సార్లు ఈల, ఆగి వినడం, మళ్లీ మూడు సార్లు. సుత్తితో ఇనుప గోడ మీద కొడితే ఈలకన్నా దూరం వినిపిస్తుంది. బృందాలు మధ్యమధ్య యంత్రాలన్నీ ఆపి నిశ్శబ్దంగా చెవి ఒగ్గుతాయి. పైన శబ్దాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే వాళ్లు వెళ్లిపోయారని అనుకోవద్దు, కొట్టాల్సింది అప్పుడే.

బయటికి రాగలిగితే ముందు ముక్కుతో చూడండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకండి, ఫోన్ కూడా దూరంగా వెళ్లాకే. మీటరు దగ్గర కవాటం చేతికందేలా ఉండి, అక్కడ వాసన లేకపోతే, రెంచ్‌తో పావు చుట్టు తిప్పండి. కవాటం పిడి గొట్టానికి అడ్డంగా వస్తే మూసుకున్నట్టు. తిరిగి తెరవడం గ్యాస్ కంపెనీ పని, మీది కాదు. తెగిపడ్డ కరెంటు తీగకు 35 అడుగుల దూరంలో ఉండండి. అది కంచెకు తగిలితే కంచె అంతా తీగే అనుకోండి.

పక్కింటివాళ్ల సంగతి. మొదట పేరుపెట్టి పిలిచి, వినండి. ఆ ఇంట్లో ఎంతమంది, హెచ్చరిక వేళకు ఏ గదికి వెళ్తారు అనేది తెలిసినవాళ్లు మీరే. బృందం రాగానే ఆ రెండు ముక్కలు చెప్పడమే మీరు చేయగల అతిపెద్ద సాయం. గోడలు నిలిచి, కిటికీలు, పెంకులు మాత్రమే పోయిన ఇంట్లోకి వెళ్లవచ్చు. ఇల్లు పునాది నుంచి జరిగినా, గోడ ఒరిగినా లోపలికి వెళ్లకండి, బయటినుంచే మాట్లాడండి. శిథిలాల కుప్ప మీదికి ఎక్కకండి, మీ బరువుకి కింద మనిషి ఊపిరి తీస్తున్న ఖాళీ మూసుకుపోవచ్చు. పక్క నుంచి, చేత్తో, ఒక్కొక్క ముక్క తీయండి. ఏ ముక్క తీస్తే ఏది కదులుతుందో చూసుకుంటూ తీయండి. బరువైన దూలం ఎత్తాల్సి వస్తే జాకీతో అంగుళం ఎత్తి, ఆ అంగుళం కింద చెక్క పేర్చి, మళ్లీ అంగుళం. చెక్క పేర్చకుండా ఒక్కసారే ఎత్తితే జాకీ జారిన క్షణం మొదటికన్నా పెద్ద దెబ్బ పడుతుంది.

ఒక సందర్భంలో ఎత్తనే కూడదు. కాలో తొడో గంటకు మించి బరువు కింద నలిగి ఉంటే, నలిగిన కండరంలోంచి పొటాషియం వంటివి పేరుకుని ఉంటాయి. బరువు తీయగానే అవన్నీ ఒక్కసారి రక్తంలో కలిసి గుండె ఆగిపోవచ్చు, తర్వాత మూత్రపిండాలు పోవచ్చు. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి తీసిన రెండు నిమిషాలకే కుప్పకూలడం ఇలాగే జరుగుతుంది. వైద్య బృందం ముందు సెలైన్ ఎక్కించి, ఆ తర్వాత తీస్తుంది. ఎప్పటినుంచి నలిగి ఉన్నారో 911కి చెప్పండి, పక్కనే ఉండి చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఉండండి. కానీ నీళ్లు పెరుగుతున్నా, మంటలు వస్తున్నా, ఊపిరి ఆడకపోతున్నా ఆగకుండా తీసేయాల్సిందే.

రక్తం చిమ్ముతుంటే గాయానికి పైన రెండుమూడు అంగుళాల దూరంలో, కీలు మీద కాకుండా, టూర్నికెట్ వేసి రక్తం ఆగేదాకా బిగించండి. నొప్పి భరించలేనంతగా ఉంటుంది. జాలిపడి వదులు చేయకండి. ఎన్ని గంటలకు వేశారో నుదుటి మీద పెన్నుతో రాయండి.

ఇళ్ల గోడల మీద వెతికే బృందాలు రంగుతో వేసిన పెద్ద ఇంటూ గుర్తు కనిపిస్తుంది. ఎడమన బృందం పేరు, పైన తేదీ, వేళ, కుడివైపు లోపలి ప్రమాదాలు, కింద దొరికినవాళ్ల లెక్క. ఒక్క అడ్డగీతే ఉంటే బృందం ఇంకా లోపలే ఉందని అర్థం. ఆ గుర్తులు చెరపకండి, మీరు వేయకండి. వేస్తే వెతకని ఇంటిని వెతికినట్టు లెక్కవేసి దాటిపోతారు.

తర్వాతి రోజుల్లో గాయాలు తక్కువేమీ కావు. ఇలినాయ్‌లోని మేరియన్‌ని కొట్టిన టోర్నడో గాయాలను లెక్కగట్టినప్పుడు సగం రక్షణ, శుభ్రం చేసే పనుల్లో అయినవేనని తేలింది. మూడో వంతుకు దగ్గరగా మేకులు తొక్కడం వల్ల వచ్చినవి. మీ నలుగురికీ, అత్తగారికీ, మామగారికీ టెటనస్ టీకా ఎప్పుడు పడిందో ఇప్పుడే చూసుకోండి. లోతైన గాయంలో మట్టి, చెక్కపేళ్లు చేరితే పైపైన కడిగి కుట్లు వేయించుకుని ఊరుకోవద్దు. 2011 మే 22న మిస్సోరీలోని జోప్లిన్‌లో టోర్నడో తర్వాత 13 మందికి గాయాల్లోంచి మ్యూకర్ బూజు సోకింది, అయిదుగురు చనిపోయారు. రెండుమూడు రోజుల తర్వాత గాయం చుట్టూ చర్మం నల్లబడినా, మందులు వాడుతున్నా వాపు పాకుతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి, 'ఇది టోర్నడో శిథిలాల్లో తగిలిన గాయం' అని డాక్టర్‌కి ముందుగా చెప్పండి.